క్యాంపర్ వ్యాన్: ఆటోమేటిక్ కొనాలా, గేర్ల బండి కొనాలా? యూకేలో ఉన్నవాళ్ళు చెప్పండి

రెడింగ్_నుంచి

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్ క్యాంపర్ వ్యాన్ కోసం చూస్తున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. వచ్చే సమ్మర్‌లో స్కాట్లాండ్ వెళ్ళాలని ఉంది. నార్త్ కోస్ట్ 500 అని 516 మైళ్ళ రూటు ఉంది కదా, అది. చూసి చూసి మూడు బండ్ల దగ్గర ఆగాం.

ఒకటి ఫోక్స్‌వ్యాగన్ టి6, 150 హార్స్‌పవర్ డీజిల్, ఆరు గేర్ల మాన్యువల్. రెండోది కూడా టి6, అదే ఇంజిన్, కాకపోతే ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ ఆటోమేటిక్. రేటు బాగా ఎక్కువ చెప్తున్నారు. మూడోది ఫియట్ డుకాటో మీద కట్టిన పెద్ద వ్యాన్, 2016 మోడల్. టాయిలెట్ కూడా లోపలే. ప్రకటనలో దాన్నీ ఆటోమేటిక్ అనే రాశారు.

మా ఆయన ఇండియాలో గేర్ల కారే నడిపారు, ఇక్కడ టెస్టు కూడా మాన్యువల్‌లోనే పాసయ్యారు. "కొండల్లో బండి మన చేతిలో ఉండాలి, ఆటోమేటిక్ పోయిందంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది" అంటారు. నేను ఇక్కడికి వచ్చాకే డ్రైవింగ్ నేర్చుకున్నాను, అదీ ఆటోమేటిక్‌లో. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. ఎవరి మాట రైటో మీరే తేల్చండి.

పాతబండి

మీ ఆయన మాటే రైటు. నా ఓటు ఆయనకే.

క్యాంపర్ అంటే రోజూ ఆఫీసుకు వెళ్ళే కారు కాదు. ఏడాదిలో సగం రోజులు ఇంటి ముందు కదలకుండా ఉంటుంది, మిగతా రోజుల్లో నిండా సామాను వేసుకుని ఊరి బయట ఎక్కడో ఉంటుంది. అక్కడ ఏదైనా అయితే క్లచ్ మార్చడం ఏ పల్లెటూరి గ్యారేజీకైనా తెలిసిన పని. డీఎస్‌జీలో గేర్లు మార్చే కంప్యూటర్ భాగం, మెకట్రానిక్స్ యూనిట్, మొండికేస్తే దానికి వేరే స్పెషలిస్టు కావాలి, ఆయన స్కాట్లాండ్‌లో ఏ ఇన్‌వర్నెస్ సిటీలోనో ఉంటాడు, అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత ఇస్తాడు.

ఇంకొకటి, తడి గడ్డి. ఇక్కడి క్యాంప్‌సైట్లు సగం గడ్డి మైదానాలే. రాత్రంతా వాన పడ్డాక తెల్లారి బండి తీయాలంటే రెండో గేర్లో సగం క్లచ్ మీద మెల్లగా, టైరు తిరగనివ్వకుండా లాగాలి. ఆ పట్టు కాలికే తెలుస్తుంది. పైగా అదే ఇంజిన్‌కు రెండు పెడల్స్ ఉన్న పాపానికి అంత ఎక్కువ ఎందుకు పెట్టాలి? ఆ డబ్బుతో మంచి టైర్లు, డీజిల్ హీటర్, సోలార్ ప్యానెల్ అన్నీ వస్తాయి.

ఎర్రబస్సు

పాతబండి గారూ, అసలు సంగతి వదిలేసి గడ్డి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆవిడ లైసెన్సు ఆటోమేటిక్‌ది. టెస్టు ఆటోమేటిక్‌లో పాసైతే ఆ లైసెన్సు మీద మాన్యువల్ బండి సొంతంగా నడపకూడదు. ఎల్ ప్లేట్లు పెట్టుకుని, పక్కన లైసెన్సున్న మనిషిని కూర్చోబెట్టుకుని, లెర్నర్‌గా ఇన్సూరెన్స్ తీసుకుంటే తప్ప.

"ఊరికే పార్కింగ్ దాకా తిప్పుతాను" అన్నా కుదరదు. లైసెన్సుకు మించి నడిపితే ఇన్సూరెన్స్ చెల్లదు, ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే లైసెన్సు మీద కనీసం ఆరు పెనాల్టీ పాయింట్లు, పోలీసులు బండి తీసుకుపోవచ్చు కూడా. మొదటి లైసెన్సు వచ్చిన రెండేళ్ళలోపు ఆరు పాయింట్లు పడితే లైసెన్సే రద్దు.

రెడింగ్ నుంచి ఇన్‌వర్నెస్ వెళ్ళే దారిలో మీ ఆయనకు జ్వరమో, నడుం నొప్పో వస్తే స్టీరింగ్ ఎవరు పడతారు? నన్నడిగితే ఈ చర్చ ఇక్కడితో అయిపోయింది.

పాతబండి

అయిపోలేదండీ. ఆవిడ మాన్యువల్ టెస్టు కూడా రాస్తే సరిపోతుంది కదా. నడపడం వచ్చిన మనిషి, క్లచ్ ఒక్కటి అలవాటైతే చాలు.

రెడింగ్_నుంచి

టెస్టు డేట్ దొరికితే చెప్పండి సార్, వెంటనే రాస్తాను :)

గేర్‌రాడ్

లెస్టర్‌లో గ్యారేజీలో పనిచేస్తాను, వ్యాన్లు ఎక్కువగా చూస్తుంటాను. ఇద్దరూ "ఆటోమేటిక్" అని ఒకే మాట మీద వాదిస్తున్నారు, లోపల ఏముందో అడగకుండా. ఈ సైజు వ్యాన్లలో ఆ మాట కింద మూడు వేరే వేరే వస్తువులు అమ్ముతారు.

మొదటిది టార్క్ కన్వర్టర్. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఆయిల్ ద్వారా శక్తి వెళ్తుంది. బండి కదిలేటప్పుడు అరిగే ప్లేటు ఉండదు, పైగా ఆ క్షణంలో టార్క్ పెరుగుతుంది కూడా. అంగుళం అంగుళం జరపాలన్నా, ఎత్తు మీద వెనక్కి తీయాలన్నా దీన్ని మించింది లేదు. మెర్సిడెస్ మార్కో పోలో, ఆటోమేటిక్ ట్రాన్సిట్ కస్టమ్, 2020 మోడల్ నుంచి వచ్చిన తొమ్మిది గేర్ల డుకాటో, వీటిలో ఉండేది ఇదే.

రెండోది డీఎస్‌జీ. రెండు క్లచ్‌లు, ఒకటి బేసి గేర్లకు, ఒకటి సరి గేర్లకు. దీని మీద ఉన్న చెడ్డపేరు ఎక్కువగా చిన్న కార్లలో వచ్చిన డీక్యూ200 అనే పొడి క్లచ్ బాక్సుది. టి6లో ఉండేది డీక్యూ500, క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, బరువు లాగడానికే చేసింది. షరతు ఒక్కటే: 40,000 మైళ్ళకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. మార్చినట్టు బిల్లు చూపించలేకపోతే ఆ బండి జోలికి వెళ్ళకండి. ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టకూడదు, బ్రేకు వేసుకోవాలి. లోపల ఉన్నది క్లచ్చే కదా, జారితే వేడెక్కుతుంది.

మూడోది, మీ లిస్టులో ఉన్న డుకాటో. 2016 అన్నారు కాబట్టి అది కంఫర్ట్‌మాటిక్ అయి ఉంటుంది. అందులో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సు, మామూలు ఒంటి క్లచ్ ప్లేటు. మన కాలు, చెయ్యి చేసే పని ఆయిల్ ఒత్తిడితో కదిలే హైడ్రాలిక్ యాక్చుయేటర్, కంప్యూటర్ చేస్తాయి. చూడగానే కనిపెట్టే గుర్తు చెప్తాను: గేర్ లివర్ దగ్గర "పి" (పార్కింగ్ పొజిషన్) ఉండదు. పార్క్ చేసేటప్పుడు గేర్లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి దిగాలి, అచ్చం మాన్యువల్ లాగే. క్లచ్ పెడల్ లేదు కాబట్టి చట్టం ప్రకారం అదీ ఆటోమేటిక్కే, మీ లైసెన్సు సరిపోతుంది. కానీ క్యాంప్‌సైట్‌లో బండి సమంగా నిలవడానికి టైర్ల కింద పెట్టే లెవెలింగ్ రాంపుల మీదికి రివర్స్‌లో ఎక్కించాలంటే దాని క్లచ్ ఎప్పుడు పట్టుకుంటుందో దానిష్టం. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటుండగా ఒక్కసారి దూకి రాంపు దాటేస్తుంది. ఆటోమేటిక్‌కు ఉన్న ఖర్చూ ఉంది, మాన్యువల్‌కు ఉన్న అరుగుదలా ఉంది. పెద్ద బండే కావాలంటే 2020 తర్వాతది చూడండి.

ఇక మాన్యువల్ చవక అన్న మాట గురించి. ఇప్పటి డీజిల్ వ్యాన్లలో క్లచ్‌తో పాటు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అని ఇంజిన్ వణుకు తగ్గించే బరువైన చక్రం ఉంటుంది. క్లచ్ మార్చేటప్పుడు అదీ మారుస్తారు. మీరు చూస్తున్న టి6 ట్రాన్స్‌పోర్టర్‌కు రెండూ కలిపి వేయిస్తే వెయ్యి పౌండ్లు దాటుతుంది.

ఘాట్‌రోడ్

హైదరాబాద్ నుంచి. మా దగ్గర క్యాంపర్లు చాలావరకు ఫోర్స్ ట్రావెలర్ మీద కడతారు, అది గేర్ల బండే, కాబట్టి ఈ తలనొప్పి మాకు లేదు. కానీ ఘాట్ దిగడం గురించి ఎవరూ మాట్లాడలేదేం? మా డ్రైవర్లు చెప్పే మొదటి పాఠం, ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే సగం దూరంలోనే డ్రమ్ములు కాలిపోతాయి. ఆటోమేటిక్‌ను "డి" (డ్రైవ్)లో వదిలేస్తే కిందికి దిగేటప్పుడు పై గేర్లకు వెళ్ళిపోతుంది, ఇంజిన్ పట్టు ఉండదు. అన్నగారు చెప్పిన "బండి మన చేతిలో ఉండాలి" అన్నది అందుకే.

గేర్‌రాడ్

పాఠం వంద శాతం కరెక్ట్. కానీ ఆ పాఠం ఆటోమేటిక్‌లోనూ పనిచేస్తుంది. డీఎస్‌జీ లివర్‌ను మాన్యువల్ వైపుకు జరిపి రెండులో పెడితే రెండులోనే ఉంటుంది. బండి పైన ఉన్నప్పుడే, వాలు మొదలవకముందే పెట్టాలి. ఆ లివర్ పక్కకి కూడా జరుగుతుందని తెలియకుండా ఏళ్ళ తరబడి నడిపేవాళ్ళు చాలామంది, వాళ్ళ బ్రేక్ డిస్కులు చూస్తే నాకు తెలిసిపోతుంది.

గోదారిగట్టు

ఎక్కడం, దిగడం రెండూ కాదు, అక్కడ ప్రాణం తీసేది రివర్స్. నార్త్ కోస్ట్ 500లో ఆపిల్‌క్రాస్ వెళ్ళే బెలాక్ నా బా కొండ రోడ్డు గురించి చెప్తున్నాను. సముద్రం పక్కన మొదలై 626 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది, కొన్నిచోట్ల 20 శాతం వాలు, హెయిర్‌పిన్ మలుపులు. అంతా ఒక్క బండే పట్టే సింగిల్ ట్రాక్, ఎదురు బండికి దారివ్వడానికి అక్కడక్కడా పాసింగ్ ప్లేసులు. లెర్నర్లకు, చాలా పెద్ద బండ్లకు, క్యారవాన్లకు పనికిరాదని మొదట్లోనే బోర్డు కూడా ఉంటుంది.

సింగిల్ ట్రాక్ మీద ఎత్తు ఎక్కి వచ్చే బండికి దారివ్వాలని ఇక్కడి రోడ్డు రూల్స్ పుస్తకం, హైవే కోడ్, చెప్తుంది. అంటే దిగుతున్న మనం ఆగాలి. వెనక పాసింగ్ ప్లేస్ ఉంటే రివర్స్‌లో, ఎత్తుకి ఎక్కాలి! మేము అద్దెకు తీసుకున్నది మాన్యువల్. మా తమ్ముడు నడుపుతున్నాడు. ఎదురుగా రెండు మోటర్‌హోములు, వాటి వెనక కార్ల వరుస. వీడు అద్దాల్లో చూస్తూ సగం క్లచ్ మీద వెనక్కి తీస్తున్నాడు. పక్కన రాళ్ళ అంచు, దాని తర్వాత ఏమీ లేదు. కాస్త జరగ్గానే హ్యాండ్‌బ్రేక్, మళ్ళీ క్లచ్, మళ్ళీ కాస్త. పాసింగ్ ప్లేస్‌లోకి చేరేసరికి కాలిన క్లచ్ వాసన బండంతా నిండింది, వెనక పడుకున్న అత్తయ్య లేచి "ఏం మాడిందిరా?" అని స్టవ్ చూసింది.

వాడు మంచి డ్రైవరే. హైదరాబాద్ ట్రాఫిక్‌లో పెరిగిన కాలు. సమస్య కాలిది కాదు, రివర్స్ గేరుది. మూడు టన్నుల బరువును ఆ వాలు మీద నత్తనడకన వెనక్కి తీయాలంటే క్లచ్ జారకుండా కుదరదు. 2006లో వచ్చిన డుకాటోల తొలి బ్యాచ్‌ల్లో ఎత్తు మీద రివర్స్ తీస్తుంటే బండి వణికే జబ్బు ఉండేదని అప్పట్లో పెద్ద గొడవే అయింది. చవగ్గా వస్తోందని పాత డుకాటో మాన్యువల్ చూసేవాళ్ళు అది గుర్తుపెట్టుకోండి.

షీల్డెగ్ మీదుగా తీరం వెంట వేరే రోడ్డు ఉంది, దూరం ఎక్కువ, కానీ పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అదే మంచిది.

పాతబండి

ఆ రోడ్డు ఎక్కకపోతే సరి! ఒక్క కొండ కోసం వేల పౌండ్లు ఎక్కువ పెట్టమంటారా?

ఇంకో మాట. క్యాంపర్ వారాల తరబడి నిలబడి ఉంటుంది, బ్యాటరీ దిగిపోతుంది. మాన్యువల్ అయితే తోసి స్టార్ట్ చేయొచ్చు.

ఎర్రబస్సు

ఎవరు తోస్తారు సార్, వాళ్ళ ఇద్దరు పిల్లలా?

గేర్‌రాడ్

బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తోసినా లాభం లేదు, ఇంజిన్ కంప్యూటర్‌కే కరెంటు ఉండదు. చిన్న జంప్ స్టార్టర్ ఒకటి బండిలో పడేసుకోండి. అయితే ఆటోమేటిక్ తీసుకుంటే బండి ఆగిపోతే సాయానికి వచ్చే బ్రేక్‌డౌన్ కవర్‌లో ఒకటి చూసుకోవాలి: దాన్ని తాడు కట్టి లాక్కుపోకూడదు, లారీ మీదికి ఎక్కించే తీసుకెళ్ళాలి. ఈ పాయింటు పాతబండి గారికే ఇస్తాను. తడి గడ్డి పాయింటులో సగం ఇస్తాను, మిగతా సగం టైర్లది.

రెడింగ్_నుంచి

అందరికీ థాంక్స్. డుకాటో అమ్మేవాళ్ళకు ఫోన్ చేసి "పి" ఉందా అని అడిగాను. లేదట. గేర్‌రాడ్ గారు చెప్పిందే. అది తీసేశాం. మా ఆయన ఇంకా మాన్యువల్ టి6 దగ్గరే ఉన్నారు, కానీ లైసెన్సు పాయింట్ల సంగతి చదివాక కాస్త మెత్తబడ్డారు. శనివారం డీఎస్‌జీ బండి చూడ్డానికి వెళ్తున్నాం. ఏం చూడాలి?

గేర్‌రాడ్

ముందే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఎందుకో అడగండి. చల్లగా ఉన్నప్పుడు "డి"లో పెట్టి బ్రేకు వదిలితే కుదుపు లేకుండా మెల్లగా పాకాలి. ఆ తర్వాత ఏదైనా ఎత్తు మీదికి రివర్స్‌లో తీయించండి. వణికినా, కొట్టుకున్నా దండం పెట్టి వచ్చేయండి. అరగంట నడిపి వేడెక్కాక ఇవన్నీ మళ్ళీ ఒకసారి. ఆయిల్ మార్చిన బిల్లు మీద మైలేజీ రాసి ఉండాలి, "ఫుల్ సర్వీస్ హిస్టరీ" అన్న మాట బిల్లు కాదు.

2016 బండి అయితే యూరో 6 (పొగ కాలుష్య ప్రమాణం) అవునో కాదో లాగ్‌బుక్‌లో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంలో చూడండి. ఆ ఏడాది వాటిలో యూరో 5 కూడా ఉన్నాయి, దాన్ని లండన్‌లోకి తీసుకెళ్ళిన ప్రతి రోజూ కాలుష్యం ఫీజు 12.50 పౌండ్లు కట్టాలి.

ఎర్రబస్సు

మళ్ళీ అమ్మే సంగతి కూడా ఆలోచించండి. 2024లో వచ్చిన కొత్త ఫోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియా అసలు మాన్యువల్‌లో రావడమే లేదు. ఇప్పుడు నేర్చుకునే పిల్లల్లో చాలామంది ఆటోమేటిక్‌లోనే టెస్టు రాస్తున్నారు. ఇప్పుడు ఎక్కువ పెట్టిన డబ్బులో కొంత అమ్మేటప్పుడు తిరిగి వస్తుంది. ఇద్దరి పేర్లూ పెట్టి ఇన్సూరెన్స్ కొటేషన్ శనివారానికి ముందే తీసుకోండి, కొత్త లైసెన్సు కదా, అక్కడ దిమ్మ తిరగొచ్చు.

పాతబండి

కొత్తవి మాన్యువల్‌లో రావట్లేదంటే ఉన్న మాన్యువల్ బండ్లు బంగారమే అని నేనంటాను. సరే, మీరు ఆ మాన్యువల్ టి6 వద్దనుకుంటే దాని ప్రకటన లింకు ఇక్కడ పెట్టండి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కూడా అడిగి పెట్టండి.