కాలిన మచ్చ మెడను కిందికి లాగేస్తోంది – ఆపరేషన్ ఇప్పుడా, ఏడాది ఆగాకా?

రేపల్లె_తమ్ముడు:
మా వదినకు 31 ఏళ్లు. తొమ్మిది నెలల కిందట పొయ్యి దగ్గర కొంగు అంటుకుని మెడ, ఛాతీ పైభాగం కాలాయి. అప్పుడు స్కిన్ గ్రాఫ్టింగ్ (వేరేచోటి చర్మం తీసి అతికించడం) చేయలేదు, కట్లతోనే రెండు నెలలకు మానింది. ఇప్పుడు మచ్చ ఎర్రగా, తాడులా లేచి గడ్డాన్ని కిందికి లాగుతోంది. కింది పెదవి తిరగబడి నిద్రలో చొంగ కారుతోంది. మచ్చ ముదిరాకే చేయాలని ఒక డాక్టరుగారు, ఇప్పుడే చేయాలని ఇంకొకరు అంటున్నారు. తొడ చర్మం వేస్తే మళ్లీ ముడుచుకుపోతుందని ఊళ్లో చెప్తున్నారు, నిజమేనా?

కత్తెర_కుట్టు (ప్లాస్టిక్ సర్జరీ):
ఇద్దరు చెప్పిందీ తప్పు కాదండీ. కాలిన మచ్చ ముదరడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. ఎర్రగా, గట్టిగా, దురదగా ఉన్నంతకాలం అది ఇంకా పెరిగే మచ్చే. ఇప్పుడు కోస్తే రక్తం ఎక్కువ పోతుంది, అంచులు మళ్లీ లేచే అవకాశమూ ఎక్కువ. అందుకే అందం కోసం చేసేవైతే ఆగమంటాం. కానీ కనురెప్ప మూతపడకపోయినా, నోరు తెరుచుకోకపోయినా, మెడ ఇలా లాగేసి పెదవి తిరగబడినా ఏడాదిన్నర కూర్చోకూడదు. మీరు రాసినదాన్ని బట్టి త్వరగా చేయించడమే మంచిది. మెడను చూసి తేల్చాల్సింది సర్జనే అనుకోండి.

హాస్పిటల్ ఎంచుకునేటప్పుడు ముందు అడగాల్సింది మత్తు సంగతి. మెడ వెనక్కి వంగకపోతే శ్వాసగొట్టం మామూలు పద్ధతిలో వేయడం కష్టం, ప్రమాదం కూడా. కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో (ఫైబర్ ఆప్టిక్ స్కోప్) మెలకువగా ఉండగానే వేస్తారు. అది లేనిచోట మచ్చకు మాత్రమే తిమ్మిరి మందు ఇచ్చి మెడను కాస్త విడదీసి, ఆ తర్వాత గొట్టం వేస్తారు. ‘ఇలాంటి మెడలకు మీ దగ్గర గొట్టం ఎలా వేస్తారు?’ అని అడగండి. తడుముకుంటే ఇంకోచోటు చూసుకోండి.

ఇక పద్ధతి. సన్నటి తాడులాంటి మచ్చ ఒక్కటే ఉండి, పక్కన మెత్తటి చర్మం ఉంటే జెడ్-ప్లాస్టీ (ఇంగ్లిష్ Z ఆకారపు కోత) చాలు. 60 డిగ్రీల కోణంతో కోసి ముక్కలు తారుమారు చేస్తే లెక్కప్రకారం 75 శాతం పొడవు వస్తుంది. మెడంతా పలకలా బిగుసుకుపోతే అది కుదరదు. మచ్చను ఈ కొస నుంచి ఆ కొస దాకా విడదీయాలి. నాలుగు వేళ్ల వెడల్పున్న మచ్చ కూడా కోశాక రెండు మూడింతలు తెరుచుకోవచ్చు. ఆ ఖాళీలో వేసేదే తొడ చర్మం.

ముడుచుకుపోతుందన్న మాటలో నిజముంది. పొర ఎంత పల్చనైతే అంత ముడుచుకుంటుంది. అందుకే మెడకు కాస్త మందంగా, సుమారు 0.4 మిల్లీమీటర్ల పొర తీసి, చిల్లులు పెట్టకుండా నిండు ముక్కగా వేస్తారు. చిల్లుల గ్రాఫ్ట్ మెడ మీద వద్దనే అంటాను. వల గుర్తు ఉండిపోతుంది, ముడుచుకోవడమూ ఎక్కువ. భుజం పైనుంచి రక్తనాళంతో సహా తిప్పే మందపాటి చర్మం ముక్క (ఫ్లాప్) తక్కువ ముడుచుకుంటుంది. కాకపోతే ఆ భుజం చర్మం కాలకుండా ఉండాలి.

గ్రాఫ్ట్ పోయేది మూడు కారణాలతో: కింద రక్తం గడ్డకట్టడం, జరగడం, చీము. మొదటి రెండు రోజులు ఆ చర్మానికి సొంత రక్తప్రసరణ ఉండదు, కింద ఊరే ద్రవంతోనే బతుకుతుంది. నాలుగైదు రోజులకు నాళాలు కలుస్తాయి. అందుకే కట్టు సాధారణంగా అయిదో రోజు విప్పుతారు. ఆలోగా వాసన, జ్వరం, కట్టు తడవడం కనిపిస్తే వెంటనే చెప్పాలి. చర్మం తీసిన తొడ మెడకంటే ఎక్కువ మండుతుంది. అది 10–14 రోజుల్లో మానుతుంది, అంటుకున్న కట్టును పీకకూడదు.

మెడపట్టీ (ఫిజియోథెరపీ):
డాక్టరుగారు గ్రాఫ్ట్ దాకా చెప్పారు, అసలు గొడవ ఆ తర్వాతే. మళ్లీ బిగుసుకుపోయిన మెడల్లో స్ప్లింట్ (మెడను చాచి ఉంచే గట్టి పట్టీ) మధ్యలో మానేసినవే ఎక్కువ. గ్రాఫ్ట్ అతుక్కున్నాక, సుమారు వారం పది రోజులకు, వేడినీళ్లలో మెత్తబడే థర్మోప్లాస్టిక్ పలకతో గడ్డం నుంచి ఛాతీ దాకా అచ్చుపోస్తాం. అన్నం, స్నానం, వ్యాయామం తప్ప మిగతా వేళంతా మెడమీదే ఉండాలి. ఆరు నెలలు ఇలా, ఆపైన ఇంకో ఆరు నెలలు రాత్రిళ్లు. మెడ వెనక్కి వంగే కొద్దీ పలకను మళ్లీ వేడిచేసి సరిచేయాలి. మొదటిరోజు అచ్చే చివరిదాకా వాడితే ఉపయోగం లేదు.

ఎండాకాలం చెమటకు తీసేస్తారు. లోపల పల్చటి నూలు గుడ్డ వేసి రోజూ మార్చండి. పొక్కు లేస్తే అక్కడ మెత్త పెట్టించుకోండి, నెలరోజులు పక్కన పెట్టకండి. తలగడ వద్దు, భుజాల కింద చుట్టిన దుప్పటి పెట్టి మెడ వెనక్కి వాలేలా పడుకోవాలి. పుండు లేదని తేలాక కొబ్బరినూనెతో చర్మం తెల్లబడేంత ఒత్తిడితో రోజుకు మూడుసార్లు, అయిదు పది నిమిషాలు మర్దన. పలక కింద సిలికాన్ షీటు రోజుకు కనీసం 12 గంటలు. ఛాతీ మచ్చలకు ప్రెషర్ జాకెట్టు (మచ్చను ఒత్తిపట్టే బిగుతు జాకెట్టు) రోజుకు 23 గంటలు. సాగిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి కొత్తది కుట్టించాలి.

రేపల్లె_తమ్ముడు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని ఇంట్లో పెట్టట్లేదు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?

కత్తెర_కుట్టు:
పప్పు మానిపించేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది! గ్రాఫ్ట్ పట్టాలంటే ప్రొటీనే కావాలి. రోజూ రెండు గుడ్లు, పప్పు, పెరుగు పెట్టండి. హిమోగ్లోబిన్ పది లోపుంటే ముందు దాన్ని సరిచేయించండి.

కేస్‌షీట్:
కాలిన తర్వాత వచ్చే ఇలాంటి బిగింపులకు ఆపరేషన్లు పథకంలో ఉన్నాయి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ. కాకపోతే ఆ భాగం మళ్లీ పనిచేసేందుకు చేసే ఆపరేషన్‌కే ఇస్తారు, అందం కోసమైతే తిరస్కరిస్తారు. కేస్‌షీట్‌లో ‘మచ్చ’ అని ఊరుకోకుండా మెడ ఎంత వంగుతోందో, పెదవి తిరగబడిందని, చొంగ కారుతోందని రాయించండి. ముందు నుంచి, రెండు పక్కల నుంచి ఫొటోలు పెట్టించండి. స్ప్లింట్, ప్రెషర్ జాకెట్టు ప్యాకేజీలో కలిసి ఉన్నాయా అని చేరకముందే ఆరోగ్యమిత్రను (హాస్పిటల్లో పథకం పనులు చూసేవారిని) అడగండి. డిశ్చార్జి రోజున అడిగితే బయట కొనుక్కోమంటారు.