వెన్నుపాము కణితి పేరు స్కానింగ్‌లోనే తేలుతుందా?

న్యూరోసర్జరీ విద్యార్థి:
వెన్నుపాము లోపల పుట్టే కణితుల్లో పెద్దవారిలో ఎక్కువగా కనిపించేది ఎపెండిమోమా, పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఆస్ట్రోసైటోమా. మొదటిది వెన్నుపాము నడుమనున్న సన్నని కాలువ పొరలోంచి పుట్టి, నరాల తంతువులను పక్కకు నెడుతూ పెరుగుతుంది కనుక చాలాసార్లు పూర్తిగా తీసివేయవచ్చు. రెండవది సాధారణంగా తంతువుల మధ్యకు పాకుతుంది కనుక, మొత్తం తీయబోతే కాళ్లూ చేతులూ పడిపోయే ప్రమాదం ఉంటుంది. నీటి అణువులు తంతువు పొడవునా సులువుగా, అడ్డంగా కష్టంగా కదులుతాయన్న సూత్రం మీద తంతువుల దారిని గీసి చూపే డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్ అనే ఎం.ఆర్.ఐ. పరీక్ష ఈ తేడాను ఆపరేషన్‌కు ముందే పట్టిస్తుంది. అందువల్ల ఇటువంటి ప్రతి రోగికీ ఈ పరీక్షను తప్పనిసరి చేయాలని నా ప్రతిపాదన. విభేదించేవారు కారణాలు రాయగలరు.

రేడియాలజిస్టు:
సూత్రం మీరు సరిగ్గానే చెప్పారు, చిక్కంతా దాని అమలులో ఉంది. వెన్నుపాము మందం సుమారు ఒక సెంటీమీటరు. గుండె కొట్టుకున్నప్పుడల్లా దాని చుట్టూ ఉన్న ద్రవం ఊగుతుంది, రోగి గుటక వేస్తే మెడభాగం కదులుతుంది, పక్కనున్న ఎముకా గాలీ అయస్కాంత క్షేత్రాన్ని చెదరగొడతాయి. వీటన్నిటినీ దాటి వచ్చిన చిత్రంలో కూడా అసలు మోసం వాపు దగ్గర జరుగుతుంది. తంతువుల గీతను గీసే సాఫ్ట్‌వేర్, నీటి కదలికలోని దిశాభేదం ఒక హద్దు కంటే తగ్గితే అక్కడితో గీత ఆపేస్తుంది. వాపు ఉన్నచోట ఆ భేదం ఎలాగూ తగ్గుతుంది కాబట్టి, పక్కకు ఒరిగి క్షేమంగా ఉన్న తంతువు కూడా తెగిపోయినట్టే కనిపిస్తుంది. దాన్ని చూసి ఆస్ట్రోసైటోమా అని రాసేస్తే తప్పు ఎవరిది?

ఇక పేరు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ, ఎం.వై.సి.ఎన్. జన్యువు ప్రతులు విపరీతంగా పెరిగిన వెన్నుపాము ఎపెండిమోమాను విడి రకంగా గుర్తించింది, ఎందుకంటే అది మామూలు ఎపెండిమోమా కంటే ఎంతో ఉద్ధృతంగా నడుస్తుంది. ముక్క తీసి పరీక్షించకుండా ఆ సంగతిని ఏ అయస్కాంతమూ చెప్పలేదు.

ఒక రోగి కుమార్తె:
నేను వైద్యురాలిని కాను. మా అమ్మగారికి రెండేళ్ల క్రితం మెడ దగ్గర వెన్నుపాములో కణితి ఉందన్నారు. ఒక కేంద్రంలో ఖరీదైన స్కానింగ్ చేయించగా, రిపోర్టు చివర ఆస్ట్రోసైటోమా కావచ్చునని రాశారు. ‘కావచ్చు’ అన్న మాట మా ఇంట్లో ఎవరికీ కనబడలేదు. తీసినా ప్రయోజనం ఉండదేమోనన్న భయంతో నాలుగు నెలలు ఆగాము, ఆ నాలుగు నెలల్లో ఆవిడ చేతి పట్టు పోయింది. ఆపరేషన్ తరువాత అది ఎపెండిమోమా అని తేలింది. ఈ పరీక్ష చెడ్డదని నేను అనడం లేదు, కానీ దాని ఫలితం రోగి ఇంటికి ఏ రూపంలో చేరుతుందో కూడా ఇక్కడ ఆలోచించాలని కోరుతున్నాను.

న్యూరోసర్జన్:
అమ్మా, మీరు రాసినది ఈ చర్చకు చాలా అవసరం. చేతిలో బలం తగ్గుతూ ఉన్నప్పుడు రిపోర్టులోని పేరు ఏదైనా, ఆగడానికి అది కారణం కాకూడదు. ఆపరేషన్ నాటికి మిగిలి ఉన్న బలమే తరువాత రోగి ఎంత కోలుకుంటారన్నదాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది.

విద్యార్థి గారికి నా మాట ఇది. ఆపరేషన్ బల్ల దగ్గర నాకు కావలసింది పేరు కంటే అంచు. నెమ్మదిగా పెరిగే పైలోసిటిక్ రకం ఆస్ట్రోసైటోమా కొన్నిసార్లు చక్కని అంచుతోనే వస్తుంది, ఎపెండిమోమా కొన్నిచోట్ల అతుక్కుని ఉంటుంది. మైక్రోస్కోపు కింద అంచు దొరికితే తీస్తాను, దొరకకపోయినా, నరాల సంకేతాలను గమనించే యంత్రంలో తరంగం పడిపోయినా ఆగుతాను. ఆపరేషన్ మధ్యలోనే కణితి ముక్కను గడ్డకట్టించి చూసే ఫ్రోజెన్ సెక్షన్ కూడా అప్పుడప్పుడు తప్పు చెబుతుంది. అయితే రేడియాలజిస్టు గారితోనూ పూర్తిగా ఏకీభవించను. తంతువులు ఏ వైపుకు ఒరిగాయో చూపే చిత్రం, అది అసంపూర్ణమే అయినా, కణితి ఉబ్బి నడిమి గీత పక్కకు జరిగిన వెన్నుపామును ఎక్కడ తెరవాలో ఆలోచించడానికి నాకు పనికివచ్చింది.

రేడియాలజిస్టు:
ఆ ఉపయోగానికి నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం ‘ప్రతి రోగికీ తప్పనిసరి’ అన్న మాటకే. నిజానికి అదనపు పరీక్షలు నిర్ణయాన్ని మార్చే సందర్భాలు వెన్నుపాములో కంటే వెన్నుపూసల్లో ఎక్కువ, వాటి గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడటం లేదు. డెబ్బై ఏళ్ల మనిషికి పూస కుంగితే అది ఎముక గుల్లబారడం వల్లా, ఎక్కడినుంచో పాకిన క్యాన్సర్ వల్లా అన్నది రోజూ ఎదురయ్యే ప్రశ్న. ఎం.ఆర్.ఐ.లో నీటి సంకేతం, కొవ్వు సంకేతం కలిసినప్పుడు ఒకటి, పరస్పరం కొట్టుకుపోయినప్పుడు ఒకటి, రెండు చిత్రాలు తీస్తే కొన్ని నిమిషాల్లో పని అవుతుంది. ఏ ఇంజెక్షనూ అక్కరలేదు. రెండవ చిత్రంలో సంకేతం 20 శాతానికి మించి తగ్గితే మూలుగలో కొవ్వు మిగిలి ఉందని, క్యాన్సర్ ఆక్రమించి ఉండకపోవచ్చునని అర్థం. క్షయ కూడా ఆ కొవ్వును తరిమేస్తుందని మాత్రం మన దేశంలో మరవకూడదు. రెండు పూసల మధ్య డిస్కు చెడితే క్షయ వైపు, నిలిచి ఉంటే క్యాన్సర్ వైపు మొగ్గుతాము. డిస్కును వదిలేసే క్షయ కేసులూ ఉన్నాయి కనుక అక్కడ కూడా సూదితో ముక్క తీయక తప్పదు.

న్యూరోసర్జరీ విద్యార్థి:
‘తప్పనిసరి’ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. వాపు వల్ల గీత తెగే విషయాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. అయితే ఆపరేషన్ నిర్ణయమైపోయిన రోగులకు, సర్జన్ అడిగినప్పుడు, తంతువుల చిత్రం తీయాలన్న భాగాన్ని మాత్రం వదలను. ఆ రిపోర్టులో కణితి పేరు ఊహించకుండా, తంతువులు ఎటు ఒరిగాయి, ఎక్కడ గీత ఆగింది, అక్కడ వాపు ఉందా అన్న మూడు సంగతులే రాస్తే రేడియాలజిస్టు గారికి సమ్మతమేనా?

రేడియాలజిస్టు:
మొదటి రెండూ రాస్తాను. మూడవది, వాపునూ పాకిన కణితినీ నేను వేరు చేయగలిగిన రోజున రాస్తాను.