క్యాన్సర్ లేని లింఫ్ గ్రంథులను కూడా తీసేయడం సబబేనా?

నిశాచరి:
గొంతు నొప్పి వచ్చినప్పుడు దవడ కింద చేతికి తగిలే బిళ్లలే లింఫ్ గ్రంథులు. కణితితో పాటు చుట్టుపక్కల గ్రంథులనూ ఊడ్చేయడం పాత పద్ధతి. క్యాన్సర్ ముందు వీటిలోకి పాకి, ఆ తర్వాతే ఒళ్లంతా వ్యాపిస్తుందని అమెరికా శస్త్రచికిత్స నిపుణుడు హాల్‌స్టెడ్ కాలం నుంచి నమ్మారు. కానీ క్యాన్సర్‌తో పోరాడే తెల్ల రక్తకణాలైన టి కణాలకు శత్రువును చూపించేది అక్కడే కదా! డెండ్రైటిక్ కణాలనే రోగనిరోధక వార్తాహరులు కణితి ముక్కలను గ్రంథికి మోసుకొస్తాయి. ఆ ముక్కను గుర్తుపట్టే టి కణం ఎదురుపడితే అది వేలకు వేలుగా పెరిగి రక్తంలోకి బయలుదేరుతుంది. అలాంటి చోటును ముందు జాగ్రత్త పేరుతో తీసేయడం, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. ఇక్కడ ఎలుకలు ఉన్నాయో లేవో కూడా తెలియదు.

కత్తిపట్టినవాడు:
నేను తల, మెడ క్యాన్సర్లకు శస్త్రచికిత్స చేస్తాను. సామెత బాగుంది, లెక్క బాగాలేదు. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2015లో ప్రచురించిన పరీక్ష చూడండి. అందరివీ తొలిదశ నోటి క్యాన్సర్లు, ఎవరి మెడలోనూ బిళ్ల తగలలేదు. కొందరికి మొదటే మెడ గ్రంథులు తీశారు, మిగతావారికి అక్కడ క్యాన్సర్ బయటపడ్డాకే తీశారు. మూడేళ్లకు బతికున్నవారు మొదటి జట్టులో 80 శాతం, రెండో జట్టులో 67.5 శాతం. పైగా క్యాన్సర్ చేరిన గ్రంథిలో పోరును అణచే నియంత్రక టి కణాలు పెరిగి మిగతావాటి నోరు నొక్కేస్తాయి. కంచే చేను మేస్తుంటే కంచెను కాపాడమంటారేమిటి?

వాచిన చేయి:
తొమ్మిదేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్‌కు నా చంకలో గ్రంథులన్నీ తీశారు. ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదని తర్వాత నివేదిక వచ్చింది. జబ్బు తిరగబెట్టలేదు. గ్రంథులు పోవడంతో చేయి మాత్రం ఇప్పటికీ నీరు పట్టి బరువుగా వేలాడుతుంది. మీ లెక్కలో బతికున్నవారి వరుసలో నేనుంటాను. ఈ చేయి ఏ వరుసలో ఉంటుంది డాక్టరు గారూ?

కత్తిపట్టినవాడు:
మీరన్నది న్యాయమే అమ్మా. రొమ్ము క్యాన్సర్‌లో మేమూ మారాం. ఇప్పుడు ముందుగా, క్యాన్సర్ పాకితే మొదట చేరే కాపలా గ్రంథి ఒకటో రెండో తీసి చూస్తారు. రొమ్మును ఉంచి కణితిని మాత్రమే తీసి, రేడియేషన్ ఇచ్చినవారి పదేళ్ల ఫలితాలు 2017లో వచ్చాయి. కాపలా గ్రంథుల్లో ఒకటి రెండింట క్యాన్సర్ ఉన్నా మిగతావి వదిలేసినవారిలో 86.3 శాతం, అన్నీ తీసినవారిలో 83.6 శాతం బతికున్నారు. అంటే తేడా లేనట్టే. నోటికి ఈ లెక్క వర్తించదు, అంతే.

ప్రయోగశాల పిల్లి:
మీ ఇద్దరూ ఒకే గ్రంథి గురించి మాట్లాడడం లేదు. తల, మెడ క్యాన్సర్ రోగులకు శస్త్రచికిత్సకు ముందు ఇమ్యూనోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్‌పై ఉసిగొల్పే మందు) ఇచ్చి, తీసిన గ్రంథులను పరిశీలించిన పరిశోధన ఒకటి 2023లో వచ్చింది. క్యాన్సర్ సోకని గ్రంథుల్లో, ఇంకా పెరగగల సత్తువ ఉన్న టి కణాలు మందుకు మేల్కొన్నాయి. సోకినవాటిలో ఆ స్పందన దెబ్బతింది. కంచె చేను మేసేది ఒకచోట, కాపు కాసేది మరోచోట.

అసలు గొడవ ఎప్పుడు తీయాలన్నది. అదే ఏడాది ముదిరిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో వచ్చిన ఫలితం చూడండి. రెండు జట్లకూ పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు 18 మోతాదులే. ఒక జట్టుకు అన్నీ శస్త్రచికిత్స తర్వాత, రెండో జట్టుకు అందులో మూడు ముందుగా. రెండేళ్లపాటు జబ్బు తిరగబెట్టడం వంటివి లేకుండా గడిపినవారు వరుసగా 49 శాతం, 72 శాతం.

కత్తిపట్టినవాడు:
ఆ 72 గ్రంథి గొప్పా, కణితి ఇంకా ఒంట్లో ఉండడం గొప్పా? మందు ఇచ్చేనాటికి రెండూ ఉన్నాయి, విడదీసి చెప్పలేరు. ఇంకొకటి. 1971లో అమెరికాలో మొదలైన రొమ్ము క్యాన్సర్ పరీక్షలో, చంకలో బిళ్ల తగలనివారికి గ్రంథులు తీసినా, తీయకున్నా 25 ఏళ్ల తర్వాత ప్రాణాల విషయంలో తేడా కనిపించలేదు. గ్రంథి అంతగా కాపాడేదైతే తీసినవారు ఎక్కువగా చనిపోవాలి కదా?

ప్రయోగశాల పిల్లి:
నన్ను ఇరుకున పెట్టిన ప్రశ్న ఇది. కణితి బయటపడేనాటికి అక్కడ తయారైన టి కణాలు రక్తంలోకి, దూరపు గ్రంథుల్లోకి వెళ్లిపోయి ఉంటాయని నా అనుమానం. అప్పటికి పెంబ్రోలిజుమాబ్ వంటి పీడీ-1 మందులు లేవు, గ్రంథి ఉన్నా లేకున్నా ఒకటే అయ్యుండవచ్చు. ఎలుకల్లో మాత్రం మందుకు ముందే కణితి పక్క గ్రంథిని తీసేస్తే మందు పనిచేయడం మానేసింది.

నిశాచరి:
అయితే నా ప్రశ్న మార్చుకుంటాను. తీయాలా వద్దా అని కాదు, ముందు మందు ఇచ్చి చూడవచ్చా?

కత్తిపట్టినవాడు:
మెలనోమాలో చూశారు. 99 మందికి ముందుగా రెండు ఇమ్యూనోథెరపీ మందులు కలిపి ఇచ్చి, క్యాన్సర్ సోకిన గ్రంథుల్లో ఒకదాన్ని తీసి పరీక్షించారు. అందులో క్యాన్సర్ దాదాపు చచ్చిపోయిందని తేలిన 60 మందిలో 59 మందికి మిగతా గ్రంథుల జోలికి పోలేదు. నోటి క్యాన్సర్‌లో అలాంటి ఫలితం గట్టిగా నిలిచేదాకా నేను మెడ గ్రంథులు తీస్తూనే ఉంటాను.

వాచిన చేయి:
తీయండి. తీసేముందు ఏం పోతుందో రోగికి చెప్పండి. నాకెవరూ చెప్పలేదు.