గబ్బిలాల్ని తరిమేస్తే వైరస్ ఆగుతుందా?

పొలంగట్టు:
గబ్బిలాల నుంచి మనుషులకు సోకే నిపా వైరస్ వార్త వచ్చిన ప్రతిసారీ అడవులు నరకడం వల్లే అంటారు. సరే. కానీ ఇళ్ల మధ్య చెట్టుకు వందల గబ్బిలాలు వేలాడుతుంటే, కింద ఆడుకునే పిల్లల తల్లిదండ్రుల టెన్షన్ ఎవరికి పట్టింది? ముందు ఆ చెట్టు కొట్టేయాలంటాను.

చిగురుకొమ్మ:
మీ భయం అర్థమైందండీ. కానీ ఉగాండాలో ఏం జరిగిందో చూడండి. 2007లో కిటాకా గనిలో పనివాళ్లకు గబ్బిలాల నుంచి మార్‌బర్గ్ అనే ప్రాణాంతక వైరస్ సోకింది. ఆ తర్వాత గనిలోని గబ్బిలాల్ని దాదాపు తుడిచిపెట్టేశారు. 2012 నాటికి మళ్లీ వచ్చి చేరాయి. అంతకుముందు వాటిలో వైరస్ ఉన్నవి 5 శాతమైతే, ఈసారి 13 శాతం! అదే ఏడాది ఆ చుట్టుపక్కల మనుషులకు మళ్లీ జబ్బు వచ్చింది.

అసలు అవి మన దగ్గరికి ఎందుకొస్తున్నాయి? ఆస్ట్రేలియాలో హెండ్రా వైరస్ గురించి 1996 నుంచి 2020 దాకా సమాచారం పరిశీలించారు. చలికాలంలో పూసే యూకలిప్టస్ అడవులు చాలావరకు పోయాయి. ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి వానలు తగ్గే పరిస్థితి) వచ్చాక పూత తగ్గి తేనె దొరక్క, గబ్బిలాలు చిన్న గుంపులుగా విడిపోయి గుర్రాలు మేసే పొలాల పక్కకి చేరాయి. వాటి నుంచి గుర్రాలకు, గుర్రాల నుంచి మనుషులకు. మిగిలిన కాస్త అడవి విరగబూసిన చలికాలాల్లో మాత్రం గబ్బిలాలు అటే వెళ్లిపోయాయి, గుర్రాలకు జబ్బు రాలేదు. ఇది చదివినప్పటి నుంచి చెట్టు కొట్టమనే మాట నా నోట రావడం లేదు.

పొలంగట్టు:
ఉగాండా సంగతి నాకు తెలియదు. కొట్టేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అడవి పెరిగేదాకా ఏం చేయాలి? పైగా మలేషియాలో 1998-99లో నిపాతో వంద మందికి పైగా చనిపోయారు. అక్కడ పందుల దొడ్ల పక్కనే మామిడి చెట్లు వేశారు. గబ్బిలాలు కొరికి పడేసిన పండ్లను పందులు తిన్నాయి, వాటి నుంచి మనుషులకు సోకింది. దొడ్డి అక్కడ ఉన్నంతకాలం అడవి ఉండి ఏం లాభం?

ఈతాకు:
పొలంగట్టు గారు చెప్పినదాంట్లో నిజముంది. బంగ్లాదేశ్‌లో నిపా ఎక్కువగా పచ్చి ఈత రసం వల్లే వస్తోంది. రసం కోసం చెట్టుకు గీత పెట్టిన చోట రాత్రి గబ్బిలాలు నాకుతాయి, కుండలో మూత్రం పడుతుంది. అక్కడ వెదురు తడిక కట్టి, కెమెరాలు పెట్టి చూస్తే అవి రసం జోలికి దాదాపు రాలేదు. అడవి పెరిగేలోపు ఇలాంటివి చేయొచ్చు. పిల్లల విషయానికొస్తే, కొరికిన పండు తినొద్దని, కింద పడ్డ గబ్బిలాన్ని ముట్టుకోవద్దని చెప్పండి. చెట్టు కింద నీళ్ల తొట్టి ఉంటే మూత పెట్టండి.