ఆటగాడు అమ్ముడుపోయాడా, పాట వచ్చిందా?

2024 అక్టోబరులో, హాకీ ఇండియా లీగ్ జట్లు ఆటగాళ్లను వేలంలో తీసుకుంటున్నప్పటి ముచ్చట ఇది. మా బడిలో వార్తల బోర్డు రాసేది తొమ్మిదో తరగతి పాప. పొద్దున్నే అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో హాకీ ప్రాక్టీసు చేసుకొని, తడి జుట్టుతోనే బడికొస్తుంది. దసరా సెలవులు అయ్యాక నిన్న ఇలా రాసింది: "భారత హాకీ కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షలకు అమ్ముడుపోయాడు."

గంట కొట్టడానికి పోతున్న మా అటెండరు ఆగి చదివాడు. "ఏం సార్, పారిస్‌లో మెడల్ తెచ్చినాయనే కదా? ఆయన గూడా అమ్ముడుపోయినాడా? ఎవరికి?"

తప్పు ఆయనది కాదు. తెలుగులో టమోటాలు అమ్ముడుపోతే బేరం జరిగినట్టు, మనిషి అమ్ముడుపోతే డబ్బు తిన్నట్టు. కోర్టులో సాక్షి అమ్ముడుపోతాడు, ఎన్నికల ముందు లీడరు అమ్ముడుపోతాడు. ఇంకో తిరకాసు ఉంది. వేలంలో ఎవరూ తీసుకోని ఆటగాణ్ణి "అమ్ముడుపోలేదు" అని రాస్తే, పాపం, అతని నిజాయితీకి సర్టిఫికెట్ ఇచ్చినట్టవుతుంది!

"మరి ఏం రాయాలి సార్?" అంది పాప. బోర్డు తుడిపించి, "సూర్మా హాకీ క్లబ్ హర్మన్‌ప్రీత్‌ను 78 లక్షలకు పాడుకుంది" అని రాయించాను. రాయించాను గానీ నాకే పూర్తిగా కుదిరినట్టు లేదు. గ్రూపులో పెద్దలు ఏమంటారు?

కక్కలపల్లి టమోటా మండీ నుంచి

సార్, మేం "పలికింది" అంటాం. ఈ పొద్దు బాక్సు ఎంత పలికింది, నిన్న ఎంత పలికింది, ఇదే మాట. పేపర్లో కూడా "ఆటగాడు 78 లక్షలు పలికాడు" అని చూసినా. నోరు లేని టమోటా పలుకుతుంది, బాగానే ఉంది. నోరున్న మనిషేమో ఎక్కడో టీవీ ముందు గమ్మున కూర్చోనుంటాడు. ఆయన పలికిందేముంది?

హిందూపురం నుంచి

ముందు వేలం అనే మాట సంగతి చూద్దాం. అది మనది కాదు. పోర్చుగీసువాళ్ల "లెయిలావ్" నుంచి వచ్చింది. మలయాళంలో లేలం, తమిళంలో ఏలం, మరాఠీలో లిలావ్, హిందీలో నీలామ్, మన దగ్గర వేలం. పోర్చుగీసుకు ఇది అరబ్బీ నుంచి వచ్చిందంటారు, అక్కడ అర్థం చాటింపు. మా ఊళ్లో పాతకాలం వాళ్లు హర్రాజు అనేవాళ్లు. సరిహద్దు దాటితే కన్నడంలో ఇప్పటికీ హరాజే.

మాట అరువుదే గానీ దాని పక్కన పెట్టుకున్న క్రియ మాత్రం సొంతం. కన్నడిగులు హరాజు కూగుతారు, అంటే అరుస్తారు. తమిళులు ఏలం కేట్పారు, అంటే అడుగుతారు. మనం పాడతాం. పాటదారు, హెచ్చుపాట, పాట కొట్టేయడం, చీటీ పాట, అన్నిటికీ పాటే. పోటీ ముదిరి ఒళ్లు తెలియకపోతే దానికీ మాట ఉంది, వేలంవెర్రి.

సంతలో ఎద్దుల బేరం చూడండి, తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని గుట్టుగా తేల్చుకుంటారు. పాట అలా కాదు, నలుగురి ముందు నోరు తెరవాలి. అందుకే మీ "పాడుకుంది"కి నా ఓటు.

ఒక పీఈటీ

వెర్రికి ఇక్కడ కళ్లెం ఉంది సార్. మగవాళ్ల జట్టుకు ఖర్చు పెట్టడానికి 4 కోట్లే ఇచ్చినారు, అందులోనే 24 మందిని తెచ్చుకోవాలి. ఒక్క హర్మన్‌ప్రీత్‌కే దాదాపు అయిదో వంతు పోయింది. పాట ఎత్తుకునేది 2, 5, 10 లక్షల దగ్గర. బేస్ ప్రైస్ అంటున్నారు గానీ మన తైబజారు వేలంలో అయితే దాన్ని సర్కారువారి పాట అంటాం. 2013లో మొదలైన తొలి లీగ్‌కు పాట డాలర్లలో జరిగింది. అప్పుడు సర్దార్ సింగ్‌కు 78 వేల డాలర్లు వచ్చినాయి. మళ్లీ 78 అంకెనే చూసి నవ్వొచ్చింది. లీగ్ 2017 తర్వాత ఆగిపోయి ఈ 2024లోనే మళ్లీ మొదలవుతోంది. ఆడపిల్లలకైతే ఇదే మొదటిసారి, పాపకు ఆ సంగతి చెప్పండి.

కదిరి వైపు నుంచి

సార్, నాకు "పాడుకుంది" కూడా నచ్చలేదు. హర్మన్‌ప్రీత్‌ను పాడుకున్నారంటే వినాయకుడి లడ్డూ మాదిరి ఉంది. పాడుకున్నాయన ఇంటికి తీసుకుపోయి ముక్కలు చేసి పంచుతాడా?

మా ఊళ్లో పంచాయతీ చింతచెట్లకు ఏటా పాట పెడతారు. మా తాత చాలా ఏండ్లు పాడినాడు. కాపు చెట్టు మీద ఉండంగానే కింద నిలబడి, తల పైకెత్తి, ఏ కొమ్మకు ఎంత కాయుందో లెక్కేసేవాడు. గుత్తి గుత్తికీ కన్ను పోయేది. పాట ఆయనకే వచ్చినా చెట్టు ఆయనది కాదు, పంచాయతీదే. కాయ దులుపుకోవచ్చు గానీ కొమ్మ నరికితే ఊరుకోరు. అడిగితే "చెట్టు పాడలేదు, కాపు పాడినా" అనేవాడు.

ఆటగాడి సంగతీ అంతే కదా. మనిషిని ఎవరూ కొనలేదు. గడువు ఉన్నన్నాళ్లు ఆయన ఆటను పాడుకున్నారు.

మళ్లీ నేను

మేడమ్, మీ తాతగారి మాట నేరుగా బోర్డు ఎక్కింది. ఈ రోజు ఆడవాళ్ల పాట జరిగింది. సాయంత్రం ఆ పాప బడి వదిలాక కూడా ఉండి, రేపటి వార్త రాసి పోయింది: "డిఫెండర్ ఉదిత ఆటకు 32 లక్షల పాట వచ్చింది. పాడుకున్నది బెంగాల్ టైగర్స్." ఎవరూ తీసుకోనివాళ్లకు ఏం రాయాలో కూడా తనే తేల్చింది, "పాట రాలేదు" అని. అమ్ముడుపోలేదు కంటే నయం. వచ్చే ఏడు రావచ్చు అనే ఆశ అందులో ఉంది.

గేటు తాళం వేస్తూ అటెండరు మళ్లీ ఆగి చదివాడు. ఈసారి అనుమానం రాలేదు. మనసులో ఏదో లెక్కేసుకొని, "బాలాపూర్ లడ్డూకు ఈ తూరి 30 లక్షల వెయ్యి వచ్చింది సార్. ఈయమ్మి లడ్డూను దాటేసింది" అన్నాడు.