పిల్లలతో ఉన్న ఆడ నెమలిని బెదరగొట్టకుండా ఫొటో తీయడం ఎలా?

అందరికీ నమస్కారం. గత ఆదివారం ఉదయం 6.30 ప్రాంతంలో హైదరాబాద్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానంలో నడుస్తుండగా, దారి పక్కన పొదల నీడలో ఒక ఆడ నెమలి తన నాలుగు పిల్లలతో ఎండుటాకులను కెలుకుతూ కనిపించింది. మగ నెమలి కూడా దగ్గరలోనే ఉంటుందని కాసేపు వెతికాను గానీ, పిల్లల పెంపకం పూర్తిగా తల్లిదేనని ఇంటికి వచ్చి చదివాక తెలిసింది. చిటికెన వేలంత లేని కుచ్చు తలపై నిలబెట్టుకుని తల్లి వెనకే పరుగెత్తే ఆ పిల్లలను చూసిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే తీసిన నలభై ఫొటోలలో ఒక్కటీ స్పష్టంగా రాలేదు. నా దగ్గర 70-300 మి.మీ. లెన్స్ ఉంది. 300 దగ్గర అపర్చర్ (లెన్స్‌లో కాంతి వెళ్లే రంధ్రం పరిమాణం) 5.6, షట్టర్ వేగం 1/125 సెకను, ఐఎస్‌ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 800 పెట్టాను. పిల్లలు క్షణం కూడా నిలవకపోవడంతో మసకబారాయి, వెనుక నుంచి పడుతున్న ఎండ వల్ల తల్లి మెడలోని ఆకుపచ్చ మెరుపు నల్లగా మారిపోయింది. ఐఎస్‌ఓను 3200 వరకు పెంచి, షట్టర్ వేగాన్ని 1/500కు తీసుకువెళ్లడం మేలా, లేక ఎక్స్‌పోజర్‌ను (ఫొటో ఎంత వెలుతురుగా రావాలన్న అమరికను) మాత్రమే సవరించుకోవాలా?

అంతకంటే ముఖ్యమైన సందేహం మరొకటి ఉంది. నేను మోకాళ్లపై కూర్చోగానే తల్లి కూత పెట్టింది, పిల్లలన్నీ పొదలోకి దూరిపోయాయి. ఫొటో కోసం వాటి మేతకు అడ్డు రావడం నాకు ఇష్టం లేదు, అందుకే ఫ్లాష్ కూడా వాడలేదు. ఎంత దూరంలో, ఎలా నిలబడితే అవి నిశ్చింతగా ఉంటాయో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.