బ్యాంకులో 14 ఏళ్ళు చేశాను, ఒక నకిలీ బంగారం కేసు దగ్గర్నుంచి చూశాను, దాన్ని థ్రిల్లర్ నవలగా రాయొచ్చా?

కాసులపేరు_82:
అందరికీ నమస్తే అండీ. నేను 14 ఏళ్ళు బ్యాంకులో చేసి పోయినేడాది మానేశాను, ఎక్కువ భాగం గోదావరి జిల్లాల పల్లెటూరి బ్రాంచుల్లోనే. చిన్నప్పుడు అద్దె లైబ్రరీలో రోజుకో డిటెక్టివ్ నవల తెచ్చుకుని చదివేవాణ్ణి, ఎప్పటికైనా నేనూ ఒకటి రాయాలని అప్పట్నుంచీ ఉంది. ఇప్పుడు టైమ్ దొరికింది, కథ కూడా నా దగ్గరే ఉంది. ఒక బ్రాంచిలో నేను క్యాష్ ఆఫీసర్ని, అంటే స్ట్రాంగ్ రూమ్ రెండు తాళాల్లో ఒకటి నా దగ్గర, రెండోది మేనేజర్ గారి దగ్గర, ఇద్దరం కలిస్తేనే తెరుచుకుంటుంది. గోల్డ్ లోన్లకి బంగారం చూసే అప్రైజర్ చాలా ఏళ్ళుగా అదే బ్రాంచికి వస్తున్న మనిషి, మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని క్యారేజీ విప్పేవాడు. ఒకసారి వేరే ఊరి నుంచి ఇంకో అప్రైజర్ని పిలిపించి తాకట్టు ప్యాకెట్లన్నీ మళ్ళీ చెక్ చేయిస్తే కొన్నిట్లో పైన మందంగా బంగారం పూత, లోపలంతా రాగి. చెకింగ్ మూడు రోజులు పట్టింది, ఆ మూడు రాత్రులూ నాకు కన్ను మూతపడలేదు. తర్వాత ఎంక్వయిరీలో నా తప్పు లేదని తేల్చారు అనుకోండి, కానీ ఆ మూడు రోజులు ఇప్పటికీ ఒంట్లోంచి పోలేదు.

60 పేజీలు రాశాను, చదువుకుంటే ఎంక్వయిరీ రిపోర్టులాగే ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి. ఇంకోటి, ఆ అప్రైజర్ భార్యాపిల్లలు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు, నేను రాస్తే వాళ్ళకి మళ్ళీ ఇబ్బంది అవుతుందేమోనని చేయి ఆగిపోతోంది.

రాత్రి_డ్యూటీ:
నేను హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తాను, అందుకే ఈ సంగతి నాకు బాగా గుర్తు. డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లోని టార్కీలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది, విషాల గురించి అంత కచ్చితంగా రాయగలిగింది ఆ అనుభవం వల్లే, 1920లో మొదటి నవల వచ్చినప్పుడు ఫార్మసీ వాళ్ళ పత్రికే మెచ్చుకుంది. కానీ నేను చెప్పాలనుకున్నది విషాల గురించి కాదు. ఆవిడకి పని నేర్పిన ఫార్మసిస్ట్ ఒకాయన జేబులో క్యూరారే అనే విషం ముద్ద పెట్టుకుని తిరిగేవాడట, ఎందుకండీ అంటే అది దగ్గరుంటే బలం ఉన్నట్టు అనిపిస్తుంది అన్నాడట. ఆయనే ఒకసారి దశాంశ బిందువు తప్పు వేసి మందు పది రెట్లు కలిపేస్తే, నేర్చుకునే పిల్ల పెద్దాయన తప్పు ఎత్తి చూపలేక కాలు తట్టుకున్నట్టు నటించి ఆ ట్రే కింద పడేసింది. ఇదంతా ఆవిడ ఆత్మకథలోనే రాసుకుంది. ఆ మనిషిని మాత్రం వెంటనే నవల్లోకి లాగలేదు, నలభై ఏళ్ళకి పైగా మనసులో ఉంచుకుని 1961లో వచ్చిన నవల్లో ఆ గుణాన్ని ఇంకో మనిషికి ఇచ్చింది. ఊరు, పేరు, సంఘటన ఏవీ రాలేదు, జేబులో చావు పెట్టుకుని తిరిగే ఆ స్వభావం ఒక్కటే వచ్చింది. మీరు కూడా మీ అప్రైజర్ గారి జీవితం తీసుకోకండి అన్నగారూ, ఆయనలో మీరొక్కరే చూసింది ఏదైనా ఉంటే అది తీసుకోండి.

ప్లీడరు_బాబాయ్:
బాబూ, లా వైపు నుంచి నాలుగు మాటలు. పేరు మారిస్తే చాలు అనుకుంటారు చాలామంది, చాలదు. ఆ ఊరి వాళ్ళు చదివి ఇది ఫలానా ఆయనే అని గుర్తుపట్టగలిగితే పరువునష్టం కేసు వెయ్యొచ్చు, పాత ఐపీసీలో 499, 500 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356, రెండేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. ముందు పేజీలో పాత్రలన్నీ కల్పితం అని ఒక లైను వేస్తే అదే కాపాడుతుందని ధీమాగా ఉండొద్దు. ఆ కేసు ఇంకా కోర్టులో నడుస్తుంటే మరీ జాగ్రత్త, తీర్పు రాకముందే మీరు దోషి అని తేల్చి రాసినట్టు అవుతుంది. ఇంకోటి, మీరు ఉద్యోగంలో చేరినప్పుడు ఖాతాదారుల విషయాలు బయటపెట్టనని సంతకం పెట్టుంటారు, ఉద్యోగం మానేసినంత మాత్రాన ఆ మాట చెల్లిపోదు, కాబట్టి ఎవరి లోను ఎంత, ఎవరి ప్యాకెట్టు ఏది అనేవి అసలువి వాడొద్దు. జిల్లా మార్చండి, కాలం మార్చండి, ఇద్దరు మనుషుల్ని కలిపి ఒకణ్ణి చెయ్యండి. పూత ఎంత మందం వేస్తే దొరకదు లాంటివి కూడా రాయకండి, కథకి అక్కర్లేదు, కొందరికి మాత్రం పనికొస్తుంది.

వారంవారం_సీరియల్:
కథల యాప్ ప్రతిలిపిలో మూడు సీరియళ్ళు పూర్తి చేశాను, ఆ అనుభవంతో చెప్తున్నా. మీ 60 పేజీలు రిపోర్టులా ఎందుకు ఉన్నాయంటే విషయం ఏ తేదీన ఎలా బయటపడిందో అదే వరసలో రాసుంటారు. మీ పోస్టు చదవగానే నాకు తట్టింది వేరే. రెండు తాళాలు, ఇద్దరు మనుషులు, ఒక్కడు తెరవలేడు, కాబట్టి ఊరంతా మిమ్మల్నీ మేనేజర్నీ అనుమానిస్తుంది, మేనేజర్ మిమ్మల్ని చూస్తాడు, మీరు మేనేజర్ని చూస్తారు. కానీ స్ట్రాంగ్ రూమ్ లోంచి అసలు ఏమీ పోలేదు! నకిలీ సరుకు పట్టపగలు కౌంటర్ మీదుగా, సర్టిఫికెట్టుతో సహా, మీ చేత్తోనే లోపలికి వెళ్ళింది. అందరూ తాళం చెవి చుట్టూ తిరుగుతుంటే గుట్టు గీటురాయి దగ్గర ఉంది, ఇంతకంటే మంచి ముడి నేను కూర్చుని కల్పించలేను.

దొంగ ఎవరో చివరిదాకా దాచాలని కూడా లేదు. థ్రిల్లర్ రచయిత ఫ్రెడరిక్ ఫోర్సిత్ 1962లో రాయిటర్స్ వార్తాసంస్థ విలేకరిగా పారిస్‌లో ఉండి ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ మీద జరిగిన హత్యాప్రయత్నాల వార్తలు రాశాడు, 1971లో అదే నవల అయింది, డి గాల్ హత్యకి గురికాలేదని చదివేవాళ్ళందరికీ తెలుసు, అయినా పుస్తకం కింద పెట్టలేకపోయారు. మీక్కూడా మూడు రోజుల చెకింగ్ ఉంది కదా, రోజూ సాయంత్రం ఇన్ని ప్యాకెట్లు అయ్యాయి, ఇన్ని మిగిలాయి అని సీలు వేసి తాళం పెట్టి ఇంటికెళ్ళాలి, చాప్టర్ అక్కడ ఆపండి.

తులం_బంగారం:
అన్నా, మాది కరీంనగర్ దిక్కు. ఒక చిన్న ముచ్చట, జిల్లా మార్చమన్నరు కదా, మా దిక్కు పెట్టేటట్టయితే మాటలు గూడ మార్చాలె. మీరు కాసు అంటే 8 గ్రాములు, మా దగ్గర తులం అంటరు, 10 గ్రాములు. మా అమ్మ నోట్లెకెళ్ళి కాసు అన్న మాట ఎన్నడు రాలే. అప్రైజర్ రాళ్ళ బరువు, లక్క బరువు తీసేసి నెట్ వెయిట్ చెప్తడు సూడు, ఆ టైముల ఆడోళ్ళ మొఖాలు ఎట్లుంటయో రాయి అన్నా. నాది ఒకటే ప్రశ్న, నకిలీ ప్యాకెట్లు సరే, అసలు బంగారం పెట్టినోళ్ళు గూడ ఉంటరు కదా అదే రూముల, ఊర్ల వార్త తెలిసినంక వాళ్ళు ఏం జేసిన్రు?

కాసులపేరు_82:
అందరికీ పేరుపేరునా థాంక్స్. బాబాయ్ గారూ, కేసు ఎక్కడిదాకా వచ్చిందో ముందు కనుక్కుంటాను, అప్పటిదాకా ఏదీ బయటపెట్టను. జిల్లా గోదావరి కాకుండా చేస్తాను, మరీ తెలియని యాస జోలికి పోను.

ఫార్మసీ మేడమ్ గారూ, మీ మాట చదివాక రాత్రంతా ఆలోచించాను, నేనొక్కణ్ణే చూసింది ఒకటుంది. ఆయన నల్లరాయి మీద నగ గీసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేసి, వంగి కళ్ళు చిన్నవి చేసుకుని చూసేవాడు, గీత నిలబడిందా వెలిసిపోయిందా అని. కౌంటర్ ముందు పదిమంది అరుస్తున్నా తల ఎత్తేవాడు కాదు. చివరి ఏడాదిలో కొందరి నగలు వచ్చినప్పుడు మాత్రం గీత గీసి, రాయి వైపు చూడకుండానే నాకు బరువు చెప్పేశాడు. నేను అది చూశాను. రాసుకున్నాను కూడా, బరువు. ఈ సంగతి ఎంక్వయిరీలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి నాకే గుర్తు రాలేదు, చాలా నెలల తర్వాత ఒక పెళ్ళిలో కంసాలి ఎవరో గీటురాయి తీస్తే చటుక్కున గుర్తొచ్చింది. 60 పేజీల్లో ఎక్కడా ఇది రాయలేదు. దొంగ కథ కాకుండా చూసినవాడి కథ రాస్తే ఆయన ఇంటివాళ్ళ జోలికి పోనక్కర్లేదేమో అనిపిస్తోంది.

తులం తమ్ముడూ, వాళ్ళ సంగతి అడిగావు కదా. రెండో రోజు పొద్దున్నే తాళాలు తీసేసరికే మెట్ల మీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, మా వస్తువు మాకు ఒకసారి చూపించండి బాబూ అని. ముందు చూపించడానికి వీల్లేదన్నాం, చెకింగ్ అయ్యాక ఒక్కొక్కళ్ళనీ పిలిచాం. ఒక ముసలావిడ నానుతాడు పెట్టి కూతురి కాన్పుకి అప్పు తీసుకుంది, రెండు రోజులూ ఇంటికి వెళ్ళలేదు, అరుగు మీదే ఉంది. ఆవిడది అసలు బంగారమే. ప్యాకెట్ విప్పి చేతిలో పెడితే కళ్ళకద్దుకుని, వేళ్ళతో తడిమి చూసుకుని, ఇంకా అప్పు తీరలేదుగా అని మళ్ళీ నా చేతికే ఇచ్చేసి వెళ్ళిపోయింది.